కుట్టని గాయానికి చీటీ

తిరుత్తణి స్టేషన్ రోడ్డులో డాక్టర్ శివప్రకాశం గారి డిస్పెన్సరీకి రెండు తలుపులుండేవి. జ్వరాలు, కడుపునొప్పులు వీధి తలుపు గుండా వచ్చేవి. దెబ్బలు సందు తలుపు గుండా వచ్చేవి. సందు తలుపు గడపను వారానికి రెండుసార్లు సున్నపు నీళ్ళతో రుద్ది కడిగేవారు. అయినా చెక్క ఈనెల్లో ఒక గోధుమరంగు మిగిలిపోయేది. వాన కురిసిన రోజు అది మళ్ళీ ఎర్రబడేది, కొయ్యకు పాత సంగతులు జ్ఞాపకం వచ్చినట్టు. ఆ గడప లోపల, కిటికీ కింద వేసిన పొడుగాటి బల్ల దగ్గర వజ్రమ్మ పదమూడేళ్ళు నిలబడింది.

వజ్రమ్మది మద్రాసు దగ్గర పట్టాభిరామ్. నాయన రైలుపట్టాల మీద కూలి. తెలుగు క్రైస్తవులు. మిషన్ ఆసుపత్రిలో మూడేళ్ళు గాయాలు కడగడం, కట్లు కట్టడం, కుట్లు వేయడం నేర్చుకుంది. పెళ్ళి చేసుకున్నవాడు కాఫీ తోటల కూలికి పోయి, రెండు ఉత్తరాలు రాసి, మూడోది రాయలేదు. ఆమె ఎదురుచూడడం మానేసి, 1928లో, ఇరవై ఆరేళ్ళ వయసులో, ఒక రేకుపెట్టెతో తిరుత్తణిలో బండి దిగింది. నెలకు పదకొండు రూపాయల జీతం, డిస్పెన్సరీ వెనక ఒక గది. తెలుగూ అరవమూ రెండూ చదివి రాయగలదు కాబట్టి చీటీలు రాసే పని కూడా ఆమె మీదే పడింది.

డాక్టరు గారు మంచివాడు. నాడి పట్టుకుంటే ఆయన వేళ్ళు దూదిలా ఉండేవి. ఎవరైనా గొంతు పెంచితే అవే వేళ్ళు వణికేవి. అందుకని సందు తలుపు మొత్తం వజ్రమ్మకు వదిలేశాడు.

సందు తలుపుకు ఒక కట్టుబాటు ఉండేది. అది డాక్టరు గారు పెట్టింది కాదు, చుట్టుపక్కల పల్లెలది. దాయాదులు కొట్టుకున్నా, గట్టు పక్క రైతులు కొట్టుకున్నా పోలీసుల దాకా పోవడం పరువు తక్కువ. పద్నాలుగో నాడు పెద్దమనుషులు కూర్చునేవారు. ఆ కూటంలో డాక్టరు చీటీ పెట్టాలి. చీటీలో ఎంత పడితే దానికి రెట్టింపు కొట్టినవాడు ఇవ్వాలి. ఒక పాలు మందుకు, ఒక పాలు పరువుకు. చీటీ రాసేది కుట్ల లెక్కన. కుట్టుకు ఒక రూపాయి. చదువు రానివాడికి కూడా తెలిసే లెక్క అది. కూటంలో దెబ్బతిన్నవాడు పంచె ఎత్తి చూపేవాడు. పెద్దమనిషి ఒక వేపపుల్లతో కుట్టు కుట్టునూ తాకి, అందరికీ వినబడేలా లెక్కపెట్టేవాడు. దెబ్బతిన్నవాడే తన మందుకు తాను డబ్బు కట్టుకున్నా, చీటీ మీద వేలిముద్ర వేసినా, తప్పు నాదేనని ఒప్పుకున్నట్టు. ఆ తర్వాత అతని మాట ఎవరూ వినరు.

కాబట్టి సందు తలుపు గుండా ఎప్పుడూ రెండు గుంపులు వచ్చేవి. దెబ్బతిన్నవాడి వైపు ఒకటి, కొట్టినవాడి వైపు ఒకటి. కర్రలు సందులో గోడకు ఆనించి లోపలికి రావాలని వజ్రమ్మ హుకుం. లోపల బల్లకు చెరొక వైపు నిలబడి సూదినే చూసేవారు.

"ఇంకో రెండు యేయమ్మే. తోలు సాగతాంది సూడు."

"యాడ సాగతాంది? యేమప్పా, దోమ కుడితే గూడా కుట్లేయించుకుంటారా మీ ఇంట్లో?"

"నీ ఇంట్లో దోమలు కొడవలి పట్టుకోనొస్తాయా?"

వజ్రమ్మ తల ఎత్తేది కాదు. ఆమె కుట్లు చింతాకు రెమ్మలా ఉండేవి, రెండు వైపులా ఒకే దూరం, ఒకే బిగువు. మాంసం తెరుచుకుని ఉండగా చూసినవాళ్ళు, అది మూసుకున్నాక చూసి నిట్టూర్చేవారు. ఆ నిట్టూర్పు అంటే ఆమెకు ఇష్టం. లోకంలో విడిపోయినవి చాలా ఉన్నాయి. తన చేతి కింద కొన్నైనా కలుస్తున్నాయని ఆమె అనుకునేది.

1933లో కనకమ్మ సత్రం పక్క పల్లె నుంచి ధనకోటి అనే సేద్యగాడిని తెచ్చారు. పశువుల కొట్టంలో తగాదా, పిక్క మీద గొడ్డలి దెబ్బ. వజ్రమ్మ కడిగి, పద్నాలుగు కుట్లు వేసింది. అంత అందంగా ఆమె ఎప్పుడూ వేయలేదు. ధనకోటి తన కాలును తానే మురిపెంగా చూసుకుని, కొట్టినవాళ్ళ ముందే "ఇరవయ్యెనిమిది రూపాయలప్పా, ఒక దూడొస్తాది" అని నవ్వాడు.

తొమ్మిదో రోజు మళ్ళీ తెచ్చారు. ఆ నవ్వు అతని ముఖం మీదే ఉంది. కానీ అతను నవ్వడం లేదు. దవడ పట్టేసి, పెదవులు వెనక్కి లాగుకుపోయి, పళ్ళు బయటపడి ఉన్నాయి. బయట రోడ్డు మీద బండి చక్రం కిర్రుమంటే చాలు, ఒళ్ళంతా వెనక్కి వంగిపోయేది. తల, మడమలు మాత్రమే బల్లకు ఆని, నడుము గాలిలోకి లేచేది. వీపులో ఎముక విరిగిన చప్పుడు వజ్రమ్మ విన్నది. నోట్లో నీళ్ళు పోయడానికి ముందరి పన్ను ఒకటి పీకాల్సి వచ్చింది. అతనికి స్పృహ మాత్రం ఒక్క క్షణం కూడా తప్పలేదు. కళ్ళు ఆమెనే చూస్తూ ఉండేవి. రెండు రోజులు అలా వంగి వంగి, మూడో రోజు పొద్దున ఎవరో పిల్లాణ్ణి పిలిచిన కేకకు చివరిసారి వంగి, మళ్ళీ తిన్నగా కాలేదు.

శవాన్ని కడిగేటప్పుడు వజ్రమ్మ తన కుట్లు తానే కత్తిరించింది. పైన చర్మం చక్కగా అతుక్కుని ఉంది. లోపల నల్లటి చీము, అందులో ఒక వడ్ల పొట్టు, ఎండిన పేడ తునక. బయటినుంచి ఏమీ కనబడకుండా ఆమె వాటిని ఎంతో నేర్పుగా లోపల పెట్టి మూసింది.

కూటం జరిగింది. కొట్టినవాళ్ళు పద్నాలుగు కుట్లకు ఇరవై ఎనిమిది రూపాయలు లెక్కపెట్టి ధనకోటి పెళ్ళాం చెంచమ్మ ఒళ్ళో పోశారు. "కుట్లకు కట్టినాం తల్లీ. దవడ దేముడిది" అని లేచిపోయారు.

ఆ తర్వాతే డాక్టరు గారు మద్రాసుకు ఉత్తరాలు రాశాడు. పుస్తకాలు తెప్పించి వజ్రమ్మకు చదివి వినిపించాడు. పేడ, మట్టి తగిలిన గాయాన్ని కుట్టకూడదు. తెరిచి ఉంచి, దినదినమూ నురుగు మందుతో కడగాలి. ఒక రోజు లోపల ధనుర్వాతం రాకుండా సూది వేయాలి. ఆ సూదిమందు చిన్న చిన్న సీసాల్లో, రంపపు పొట్టులో పెట్టిన మంచుగడ్డల మధ్య రైలులో వచ్చింది. సీసా పన్నెండు రూపాయలు. డాక్టరు గారు అప్పు చేసి ఆరు కొన్నాడు.

ఏడాదిన్నరలో రెండు వాడారు. రెండింటికీ ఎవరూ కట్టలేదు. కుట్టు కంటికి కనబడుతుంది. రాని జబ్బు ఎవరికి కనబడుతుంది? ఒకటి పాడైపోయింది. అప్పులవాడు డిస్పెన్సరీ అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టాక డాక్టరు గారు ఒక మాట అన్నాడు. "వజ్రమ్మా, చీటీ మీద ఎవరిదో ఒకరి వేలిముద్ర పడకుండా సీసా పగలగొట్టవద్దు." ఆ మాట అంటూ ఆయన కిటికీ వైపు చూశాడు, ఆమె వైపు చూడలేదు.

1935 వైశాఖంలో ఒక మధ్యాహ్నం డాక్టరు గారు తిరువళ్ళూరు కోర్టుకు సాక్ష్యానికి పోయాడు. సాయంకాలం బండికి గాని రాడు. ఎండకు రోడ్డు తెల్లగా మెరుస్తూ, పరిచిన ఉప్పులా ఉంది. సందులోకి ఎద్దులబండి వచ్చి ఆగింది.

బండిలో మునిరత్నం. ఇరవై రెండేళ్ళవాడు. ఎడమ తొడ మీద జానెడు పొడవున చీలిక. కట్టిన పైపంచె మోకాలి దాకా తడిసి బరువెక్కి ఉంది. వాళ్ళ ఇంటికీ దాయాది దండపాణి ఇంటికీ మధ్య ఒక ఎరువు దిబ్బ ఉంది. వేసవి దుక్కులకు ముందు ఎరువు తోలుకునే కాలం. దిబ్బ మాదంటే మాదని మూడేళ్ళుగా తిట్టుకుంటున్నారు. ఆ పొద్దున దండపాణి ఎరువు ఎత్తే పారతోనే కొట్టాడు. మునిరత్నం దిబ్బలోనే పడ్డాడు. లేవబోతే ఆ పారతోనే మళ్ళీ నొక్కాడు.

అన్న వాసుదేవ తమ్ముణ్ణి భుజం మీద మోసి బల్ల మీద దించాడు. భారీ మనిషి, ముఖమంతా ఎండిన తమ్ముడి నెత్తురు. వెనకే జట్కా ఆగింది. దండపాణి దిగాడు. ఉతికిన పంచె, నెత్తిన తడి తుండు, వెంట ఇద్దరు మనుషులు. కుట్లు లెక్కపెట్టుకోవడం కొట్టినవాడి హక్కు.

వజ్రమ్మ పైపంచె కత్తిరించి తీసింది. చీలిక పెదవులు ఊదారంగుగా వాచి ఉన్నాయి. లోపల నెత్తుటితో కలిసిన పేడ. నురుగు మందు పోస్తే గాయం తెల్లగా పొంగింది. మునిరత్నం బల్ల అంచు పట్టుకుని అరిచిన అరుపుకు వీధి తలుపు దగ్గర కూర్చున్న జ్వరం మనుషులు లేచి వెళ్ళిపోయారు.

"యెన్ని పడతాయి?" వాసుదేవ అడిగాడు.

"ఒగటీ పడదు."

వాసుదేవ ఒక అడుగు ముందుకు వేశాడు.

"యేమన్నావు?"

"కుట్టకూడదన్నా. లోపల పేడుంది. మూస్తే లోపలే కుళ్ళతాది. తెరిచే పెట్టి పద్నాలుగు దినాలు కడగాల. ఈ పొద్దే ఒక సూది వేయాల."

దండపాణి ఫెళ్ళున నవ్వాడు. "మంచి మాట చెప్పినావు తల్లీ! కుట్టు లేదంటే గాయం లేదు. యేందిరా వాసుదేవా, దీనికేనా ఏడు మైళ్ళు ఎద్దుల్ని చంపుకోనొచ్చినావు? పదండప్పా, జట్కావాడు కాసుకోనుండాడు."

వాసుదేవ దండపాణి వైపు చూడలేదు. వజ్రమ్మనే చూస్తున్నాడు. "వీడి కాడ యెంత తినినావు?"

"నేను యెవరి కాడా తినలేదు నాయనా."

"తినకుంటే కుట్టు. ఇరవై కుట్టు. జానెడు గాయానికి ఇరవై పడవా? పోయినేడు మా మామకు ఇంతలోకే పద్దెనిమిది వేసిందానివి నువ్వేగదా?"

వజ్రమ్మ చీటీ పుస్తకం తీసి రాసింది. రాసింది గట్టిగా చదివింది. కుట్లు లేవు. తెరిచి కడిగినందుకు దినానికి ఒక రూపాయి, పద్నాలుగు దినాలకు పద్నాలుగు. ధనుర్వాతం రాకుండా వేసే సూది పన్నెండు. మొత్తం ఇరవై ఆరు.

దండపాణి నవ్వు ఆగింది. ఇరవై ఆరుకు రెట్టింపు ఎంతో అతనికి వేళ్ళు ముడవకుండానే తెలుసు.

"రాని రోగానికి నేను రొక్కమియ్యాల్నా? రేపు వాడి నెత్తిన పిడుగు పడతాదని ఈ పొద్దే నన్ను దినాల ఖర్చడగతావా? నేను కొట్టింది తొడ మీద. దవడ మీద కాదు. తొడకెంతో చెప్పు."

"అయితే మీరు ఏలిముద్ర పెట్టండన్నా," అని ఆమె వాసుదేవ వైపు తిరిగింది. "తరవాత చూసుకోవచ్చు. సూదికి పొద్దు దాటిపోతాంది."

"నేను పెడితే తప్పు మాదని ఒప్పుకున్నట్టు గాదా? మా నాయన కాలం నుంచీ వీడి ముందర యేలు పెట్టని ఇల్లు మాది. నీ సూదీ వద్దు, నీ కడుగుడూ వద్దు. కుట్టు."

బల్ల మీది నుంచి మునిరత్నం అన్నాడు, "కుట్టక్కా. మా యన్న చెప్పినట్టు కుట్టేసెయ్. నేను తాళుకుంటా."

అందరూ ఒకే మాట మీద ఉన్నారు. కుట్టడం ఎంత తేలిక! ఆమె చెయ్యి తనంతట తానే సూదిలో దారం ఎక్కించింది. గాయం రెండు అంచులూ దగ్గరికి లాగి చూసింది. అవి వాటంగా కలిశాయి. ఇరవై ఏమిటి, ఇరవై రెండు పడతాయి. అందరూ నిట్టూరుస్తారు. కర్రలు తీసుకుని వెళ్ళిపోతారు. అప్పుడామె అంచులు వదిలేసింది. గాయం మెల్లగా, నీళ్ళలో నోరు తెరిచే చేపలా, తెరుచుకుంది. ఆమె సూదిని పళ్ళెంలో పడేసి, మంచుపెట్టె దగ్గరకు నడిచి, సీసా మెడ విరిచింది.

ఆ సూదిమందు వెంటనే వేయడానికి లేదు. ముందు ఒక చుక్క చర్మం కింద వేసి, దద్దురు లేస్తుందేమో అరగంట చూడాలి. లేస్తే మందే మనిషిని చంపుతుంది. ఆమె చుక్క వేసి గోడ గడియారం చూసింది. రెండూ పది.

సీసా మీద ఒక గుర్రం బొమ్మ ఉంది. దండపాణి మనిషి ఒకడు దాన్ని ఎత్తి చూశాడు. "ఇదేంది, గుర్రాల మందా?"

ఆమె అబద్ధం చెప్పి ఉంటే ఏమయ్యేదో. చెప్పలేదు. "గుర్రం నెత్తురులోంచి తీసిందే. మనుషులకే."

"రేయ్ వాసుదేవా, మీ తమ్ముడింక గుగ్గిళ్ళు తింటాడంట్రా!" అన్నాడు దండపాణి. "కూటానికి బండెందుకు, సవారీ చేసుకోనొచ్చెయ్!"

వాసుదేవ అతని గొంతు పట్టుకున్నాడు. కర్రలు బయట ఉన్నాయి కాబట్టి చేతికి దొరికినవి లేచాయి. ఒకడు ముక్కాలిపీట ఎత్తి వాసుదేవ వీపు మీద వేశాడు. వాసుదేవ దండపాణిని మందుల బీరువా మీదికి తోశాడు. అద్దాలు పగిలాయి. లేపనాలు, రంగునీళ్ళు, అయోడిన్ గోడ మీదుగా కారాయి. దండపాణి తెల్లపంచె ఒక్క క్షణంలో పసుపు, ఊదా, ఎరుపు అయింది. ఎవడి చెవో తెగి నెత్తురు చిమ్మి గడియారం అద్దం మీద పడింది. వజ్రమ్మ సూదిమందు నింపిన పిచికారీని ఎడమచేత్తో తల మీదికి ఎత్తి పట్టుకుని, కుడిచేత్తో మునిరత్నం గుండె మీద ఒత్తి, అతను లేవకుండా ఆపింది. ఆ గదిలో పగలకుండా మిగలవలసినవి రెండే అని ఆమెకు తోచింది, ఆ గాజుగొట్టం, ఆ పిల్లవాడు.

"ఈయమ్మ వల్లే ఇదంతా," అని ఎవరో అన్నారు. ఏ వైపువాడన్నాడో ఆమెకు ఎన్నడూ తెలియలేదు. మూడేళ్ళుగా కలవని రెండిళ్ళవాళ్ళు ఆ మాట మీద కలిశారు. దండపాణి ఆమె జుట్టు పట్టి వెనక్కి వంచాడు. అతని మనిషి చెంప మీద కొట్టాడు. రెండోసారి కొట్టాడు. ఆమె నోట్లో పన్ను కదిలింది. వాసుదేవ ఆమె కుడిచెయ్యి లాగి బల్ల మీద పరిచాడు. పక్కన మందులు నూరే ఇనుప కల్వం ఉంది. అందులోని గుండు తీశాడు.

"కుట్టని చెయ్యి నీకెందుకు?"

మొదటి దెబ్బకు ఆమె అరవలేదు. చప్పుడు మాత్రం అందరికీ వినబడింది, పచ్చికొమ్మ కాదు, ఎండుకొమ్మ విరిగినట్టు. రెండో దెబ్బకు అరిచింది. మూడోది కొట్టాక వాసుదేవ ఆగి, గుండును ఎవరో తన చేతిలో పెట్టినట్టు దాని వైపు చూశాడు.

దండపాణి ఆమె జుట్టు వదిలేశాడు. పంచె దులుపుకున్నాడు. "ఇదిగో, అందరూ సూసినారు. చెయ్యి ఇరగ్గొట్టింది మీరు. మేము కాదు. ఆ లెక్క, ఆ కణక్కు మీది." తన మనుషులను తీసుకుని, గాజుపెంకుల మీద చెప్పులు కరకరమనగా, జట్కా ఎక్కిపోయాడు.

వజ్రమ్మ గడియారం వైపు చూసింది. నెత్తుటి మరక వెనక ముళ్ళు రెండు గంటల నలభై రెండు నిమిషాలు చూపిస్తున్నాయి. మునిరత్నం చేతి మీద చుక్క వేసిన చోట చూసింది. దద్దురు లేదు.

"కొట్టడం అయిందా?" అని వాసుదేవను అడిగింది. "అయితే తప్పుకో. ఎలుతురుకు అడ్డమొస్తాండావు."

అతను తప్పుకున్నాడు. ఆమె అప్పటిదాకా వదలని పిచికారీని ఎడమచేత్తో పట్టి, పిడి పొట్టకు ఆనించి, మునిరత్నం కండలోకి మందు దించింది. ఎడమచేత్తో సూది వేయడం అదే మొదటిసారి. వంకరగా పోయింది. అయినా అంతా పోయింది.

సాయంకాలం బండికి వచ్చిన డాక్టరు గారు గడప దగ్గరే నిలబడిపోయాడు. తర్వాత కోటు విప్పి, ఏమీ అడగకుండా ఆమె వేళ్ళు తిన్నగా లాగి, కొయ్యబద్దలు వేసి కట్టాడు. ఆ ఒక్కసారి ఆయన చేతులు వణకలేదు. కట్టు ముడివేశాక మాత్రం అడిగాడు.

"వేలిముద్ర ఎవరిది?"

"యెవరిదీ లేదయ్యా. నా జీతంలో పట్టుకోండి."

ఆయన పగిలిన బీరువా వైపు చూశాడు. "పోలీసు చీటీ రాయనా, నీ చేతికి?"

"కుట్టొకటి గూడా పడలేదు గదయ్యా," అంది వజ్రమ్మ. "కూటంలో యేం లెక్కపెడతారు?"

ఆయన నవ్వబోయి, ముఖం తిప్పుకున్నాడు.

ఆమె కుడిచేతి మూడు వేళ్ళు మళ్ళీ తిన్నగా కాలేదు. ఆ తర్వాత ఆరేళ్ళు ఆమె ఆ బల్ల దగ్గర పనిచేసింది. కడిగింది, కట్లు కట్టింది, చీటీలు ఎడమచేత్తో రాసింది. అక్షరాలు గాలికి వాలిన పైరులా ఉండేవి. కుట్లు వేయడానికి వేరే మనిషిని పెట్టారు. ఆ మనిషి కుట్లు ఎగుడుదిగుడుగా ఉండేవి. కానీ అవి ఇదంతా అయ్యాక జరిగిన సంగతులు. ఆ పద్నాలుగు రోజులు ఆమెకు తన వేళ్ళు జ్ఞాపకం లేవు.

మునిరత్నాన్ని వెనక వరండాలో పడుకోబెట్టారు. వాసుదేవ రోజూ పొద్దున రాగిసంగటి మూట తెచ్చి, గడప మీద పెట్టి పోయేవాడు. అతను పోయాక వజ్రమ్మ గాయం కడిగేది. ఒక చెయ్యి చాలక, పళ్ళెం మునిరత్నమే పట్టుకునేవాడు. కడిగాక ఎదురుగా కూర్చుని "ఆ అను" అనేది.

"యెందుకక్కా దినమూ నా పళ్ళు సూస్తావు? సంబంధమేమన్నా సూసినావా?"

"ఆ అను నాయనా."

అతను నోరు తెరిచేవాడు. ఆమె వేలు దవడ కీలు మీద పెట్టి, అది తలుపు బందులా సాఫీగా కదులుతుందో లేదో చూసేది. నిన్నటికీ ఈరోజుకూ ఒక నూలుపోగంత తేడా వచ్చినా ఆమెకు తెలిసేది. మందు వేసినా జబ్బు రావచ్చునని పుస్తకంలో ఉంది. అది అతనికి చెప్పలేదు.

ఎనిమిదో రోజు పొద్దున అతను సంగటి ముట్టుకోలేదు. "దవడ లాగతాందక్కా," అన్నాడు.

వజ్రమ్మ చేతిలోంచి పళ్ళెం జారి బండల మీద పడింది. ఆ చప్పుడుకు అతని ఒళ్ళు వెనక్కి వంగుతుందని చూసింది. వంగుతుందని ఎంత గట్టిగా ఎదురుచూసిందంటే, ధనకోటి నడుము గాలిలోకి లేవడం ఆ వరండాలో మళ్ళీ కనబడింది, ఎముక చప్పుడుతో సహా. మునిరత్నం మాత్రం ఉలిక్కిపడి, "యేందక్కా, సరిగ్గా పట్టుకోలేవా?" అని విసుక్కున్నాడు. ఆమె కట్టు కట్టిన చేత్తో అతని తల గోడకు నొక్కి, నోట్లోకి వేళ్ళు పెట్టి తెరిచింది. దవడ కదిలింది. కింద వెనక పన్నుకు పుప్పి. చిగురు వాచి చీము పట్టింది. ఆమె అక్కడే, మత్తుమందు కూడా లేకుండా, ఎడమచేత్తో పటకారు పట్టి పన్ను పీకేసింది. అతను నెత్తురు ఉమ్ముతూ ఆమెను తిట్టని తిట్టు లేదు. ఆమె మెట్టు మీద కూర్చుని, ఆ పన్నును అరచేతిలో పెట్టుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది.

పద్నాలుగో రోజు బండి వచ్చింది. కూటానికి తీసుకుపోయారు. ఆ రోజు పొద్దున కూడా ఆమె అతని చేత ఆ అనిపించి పంపింది. జబ్బు మూడు వారాల దాకా రావచ్చు. ఇక చూసే వీలుండదు.

కూటంలో ఏం జరిగిందో రెండో రోజుకే తిరుత్తణి అంతా తెలిసింది. మునిరత్నం పంచె ఎత్తాడు. తొడ మీద లేత గులాబీరంగు గాడి, అడుగునుంచి ఆరోగ్యంగా పూడుకుంటూ వస్తున్న మాంసం. పెద్దమనిషి వేపపుల్ల పట్టుకుని వంగాడు. తాకడానికి ఏమీ దొరకలేదు. పుల్ల గాలిలోనే ఆగింది. "యాడుంది కుట్టు?" అని అడిగాడు. వజ్రమ్మ రాసిన చీటీ ఎవరో చదివారు. రాని రోగం అన్న మాట దగ్గర జనం నవ్వారు. దండపాణి ఒక్క దమ్మిడీ ఇవ్వనక్కర్లేదని తీర్పు వచ్చింది. ఎరువు దిబ్బ కూడా అతనికే పోయింది. కుట్టు కూడా పడని గీతకు ఇంత రభస చేసినందుకు వాసుదేవ ఇల్లే తప్పు కట్టాలన్నారు.

ఇరవై మూడో రోజు మధ్యాహ్నం, వజ్రమ్మ బల్ల తుడుస్తుండగా సందు తలుపు ధడేలున తెరుచుకుంది. మునిరత్నం. ఏడు మైళ్ళూ నడిచి వచ్చాడు. కుంటడం లేదు. చేతిలో కర్ర ఉంది. అది సందులో పెట్టలేదు.

"మా కొంప తీసినావు గదే!" అని అరిచాడు. "ఇరవై కుట్లకు నలభై రూపాయలు! దిబ్బా పాయె, పరువూ పాయె! మా యన్న పెద్దమనుషుల కాళ్ళ మీద పడినాడే! నలుగురిలో పంచెత్తి నవ్వులపాలైతిని! యేమొచ్చింది నీకు? యేం రోగమొచ్చింది నాకు? యాడొచ్చింది? సూపియ్! సూపియ్ నాకు!"

కర్ర బల్ల మీద పడింది. సీసా ఒకటి ఎగిరి కిందపడింది. వజ్రమ్మ కదల్లేదు. ఆమెకు మాటలు వినబడడం లేదు. అతని నోరు ఎంత పెద్దగా తెరుచుకుందో చూస్తోంది. నాలుక, అంగిలి, పీకిన పన్ను తావులో పూడిన చిగురు, గొంతు వెనక గోడ దాకా అంతా కనబడుతోంది. దవడ పైకీ కిందికీ, పక్కకీ, కోపంతో, ఏ అడ్డూ లేకుండా ఆడుతోంది. ఇరవై మూడు రోజులు. ఇక రాదు.

"యేం మాట్లాడవే?" అతను కర్ర మళ్ళీ ఎత్తాడు.

"ఇంకా గట్టిగా అరువు నాయనా," అంది వజ్రమ్మ.

అతను అరిచాడు.